అడవి జింకల మేతచేలు

అడవి జింకలు వచ్చి మేయడానికే విత్తి, మనిషి కోత కోయకుండా వదిలిపెట్టే చిన్న చేలను మేతచేలు అనవచ్చు. ఉత్తర అమెరికాలో వీటికి ఫుడ్ ప్లాట్లని పేరు. అక్కడి తెల్లతోక జింకల సంరక్షణలోనూ వేటలోనూ అర్ధ శతాబ్దంగా ఇవి ముఖ్యమైన భాగమయ్యాయి. అడవి మధ్య ఖాళీల్లో, పాత కలప దారుల వెంట, వదిలేసిన పొలాల్లో అర ఎకరం నుంచి అయిదారు ఎకరాల దాకా క్లోవర్, ఓట్స్, అలసంద, సోయా, టర్నిప్ వంటి పైర్లు వేస్తారు. గింజలో దాణాయో కుప్పగా పోసి జింకలను పిలవడం వేరు, నేలలో పైరు పెంచి వాటంతట అవే మేసేలా చేయడం వేరు. జింక ఆరోగ్యం రీత్యా, చట్టం రీత్యా కూడా ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మేతచేను ఎందుకు, ఎలా, ఎంతవరకు పనికివస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అందులో తేలేది ఇది: ఏడాదిలో అడవి తిండి పెట్టలేని కొన్ని నెలల లోటును మేతచేను పూడ్చగలదు. కాని అది అడవికి బదులు కాలేదు. జింకల సంఖ్యను అదుపులో పెట్టని చోట అది మేలు చేయకపోగా కీడు తెస్తుంది.

పుట్టుక, వ్యాప్తి

పందొమ్మిదో శతాబ్దంలో మాంసం, తోళ్ల వ్యాపారం కోసం అడ్డూ అదుపూ లేకుండా సాగిన వేట వల్ల 1900 నాటికి ఉత్తర అమెరికాలో తెల్లతోక జింకలు సుమారు 5 లక్షలకు పడిపోయాయి. అదే ఏడాది వచ్చిన లేసీ చట్టం, రాష్ట్ర చట్టాలకు విరుద్ధంగా చంపిన అడవి జంతువులను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడాన్ని నేరంగా ప్రకటించింది. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీది పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు మళ్లించింది. జింకలు మిగిలిన చోట నుంచి పట్టి, అవి లేని చోట వదిలారు. ఈ చర్యల ఫలితంగా వాటి సంఖ్య నేడు సుమారు 3 కోట్లకు చేరింది. ఈలోగా 1933లో ఆల్డో లియోపోల్డ్ రాసిన ‘గేమ్ మేనేజ్‌మెంట్’ గ్రంథం కొత్త ఆలోచనకు బాట వేసింది. అడవి జంతువులను కాపాడటమంటే వేటను నిషేధించి ఊరుకోవడం కాదని, వాటి తిండిని, నీటిని, దాగే చోటును మనిషి తెలివిగా మెరుగుపరచవచ్చని ఆయన వాదించారు.

మేతచేను నేటి రూపానికి రావడంలో 1975 మరో మైలురాయి. ఆ ఏడాది టెక్సస్‌కు చెందిన అల్ బ్రదర్స్, మర్ఫీ రే అనే జీవశాస్త్రజ్ఞులు ‘ప్రొడ్యూసింగ్ క్వాలిటీ వైట్‌టెయిల్స్’ అనే పుస్తకం ప్రచురించారు. లేత మగ జింకలను వదిలి వాటిని ముదరనివ్వాలి, ఆడ జింకలను తగినంతగా వేటాడి మందను నేల భరించగలిగే హద్దులో ఉంచాలి, ఆపైన పోషణను మెరుగుపరచాలి అన్నది వారి సిద్ధాంతం. 1988లో దక్షిణ కరోలినాలో జో హామిల్టన్ స్థాపించిన క్వాలిటీ డీర్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ ఈ సిద్ధాంతాన్ని భూయజమానుల దాకా తీసుకెళ్లింది. 2020లో అది మరో సంస్థతో కలిసి నేషనల్ డీర్ అసోసియేషన్ అయింది. ఆ సిద్ధాంతంలో పోషణ చివరి మెట్టు. విత్తనాల వ్యాపారం పెరిగేకొద్దీ ఆ చివరి మెట్టే మొదటిదైపోయింది. సంచి కొని చల్లడం తేలిక, ఆడ జింకల లెక్క తేల్చడం, అడవిని పలచన చేయడం కష్టం. మేతచేలపై నేడు వినిపించే విమర్శల్లో సగం ఈ తారుమారు వల్ల పుట్టినవే.

జింక ఎలా తింటుంది

మేతచేను విలువ తెలియాలంటే ముందు జింక పొట్ట తెలియాలి. ఆవులాగే జింక కూడా నాలుగు గదుల పొట్టతో నెమరువేసే జంతువే. కాని ఆవు గడ్డిని గంపగుత్తగా మేస్తుంది, తెల్లతోక జింక ఏరుకుని తింటుంది. దాని మూతి సన్నం, పొట్ట చిన్నది. ముదిరిన గడ్డిలోని పీచును ఎక్కువసేపు పులియబెట్టి అరిగించుకునే శక్తి దానికి లేదు. అందుకే లేత చిగుళ్లు, వెడల్పాటి ఆకుల మొక్కలు, మొగ్గలు, పండ్లు, ఓక్ కాయలు వెతుక్కుంటుంది. నెమరువేసే జంతువులను మేత అలవాటును బట్టి వర్గీకరించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు రైన్‌హోల్డ్ హాఫ్‌మన్ ఇలాంటివాటిని సారవంతమైన మేతను ఏరుకునే జీవులుగా గుర్తించాడు. నలభై అయిదు కిలోల జింకకు రోజుకు సుమారు మూడు కిలోల పచ్చిమేత కావాలి. ఏడాదికి అది టన్నుకు కాస్త పైమాట. ఎంత తింటుందన్న దానికన్నా ఏ నెలలో ఏం దొరుకుతుందన్నదే ముఖ్యం. ప్రాణం నిలుపుకోవడానికి ఆరేడు శాతం మాంసకృత్తులున్న మేత చాలు. పిల్లలకు పాలిచ్చే తల్లికి, ఎదిగే పిల్లకు, కొమ్ములు పెంచుకునే మగ జింకకు పదహారు శాతం దాకా ఉంటేనే పెరుగుదల బాగుంటుంది.

ఆ అవసరాలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. చాలా ప్రాంతాల్లో పిల్లలు మే, జూన్ నెలల్లో పుడతాయి. తరువాతి రెండు నెలలూ తల్లికి అత్యంత ఖర్చు కాలం. మగ జింక కొమ్ములు వసంతంలో మొలిచి ఆగస్టు కల్లా పూర్తవుతాయి. అవి ఏటా రాలి ఏటా మొలిచేవి కాబట్టి ప్రతి ఏడూ కొత్త పోషణ కావాలి. శరత్కాలంలో జత కట్టే రోజుల్లో మగ జింక తిండి మీద ధ్యాస తగ్గించి బరువు కోల్పోతుంది. చలికాలంలో అన్ని జింకలూ మేత తగ్గించి, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద నెట్టుకొస్తాయి. ఈ పట్టికను అడవి పట్టికతో పోల్చి చూస్తే రెండు లోట్లు బయటపడతాయి. ఒకటి ఆగస్టు, సెప్టెంబరు: వసంతంలో లేతగా ఉన్న ఆకులన్నీ ముదిరి పీచుబారతాయి, ఓక్ కాయలు ఇంకా రాలవు. రెండోది జనవరి నుంచి మార్చి దాకా: రాలిన కాయలు అయిపోతాయి, చిగుళ్లు ఇంకా రావు. ఓక్ చెట్లు ఒక ఏడాది విరగకాసి మరో ఏడాది అసలే కాయవు కాబట్టి కాపు లేని ఏడు ఈ రెండో లోటు మరీ తీవ్రమవుతుంది. మేతచేను ఈ రెండు లోట్లను పూడ్చాలి. జూన్‌లో అడవే పచ్చగా ఉన్నప్పుడు మరో పచ్చని చేను జింక ఆరోగ్యానికి కొత్తగా కలిపేది స్వల్పం.

ఏడాది పొడవునా పైర్లు

ఒకే పైరు పన్నెండు నెలలూ మేత ఇవ్వదు. అందుకే అనుభవమున్నవారు మూడు రకాల పైర్లను జోడిస్తారు. మొదటిది చలి ఓర్చే బహువార్షికాలు: తెల్ల క్లోవర్‌లో పెద్దాకు రకమైన లాడినో, ఎర్ర క్లోవర్, చికోరీ, లూసర్న్. మన పాడి రైతులు పెంచే బెర్సీమ్‌కు క్లోవర్ దగ్గరి చుట్టం. లాడినో క్లోవర్‌లో మాంసకృత్తులు ఇరవై శాతం దాటుతాయి. ఒకసారి నిలదొక్కుకుంటే మూడు నాలుగేళ్లు ఉంటుంది. వసంతంలోనూ శరత్తులోనూ బాగా పెరిగి, మండువేసవిలో నీరసిస్తుంది. చికోరీ వేరు లోతుగా దిగుతుంది కాబట్టి ఎండకు తట్టుకుని క్లోవర్ వెనకబడిన వారాల్లో మేతనిస్తుంది. అందుకే ఈ రెండింటినీ కలిపి విత్తుతారు. రెండోది శరత్కాలంలో వేసే ఏకవార్షికాలు: గోధుమ, ఓట్స్, రై వంటి ధాన్యపు పైర్లు, వాటితో క్రిమ్సన్ క్లోవర్, చలికాలపు బఠాణీ. వీటిలో రై అన్నిటికన్నా చలిని ఓర్చి, పులుపు నేలలోనూ ఎదుగుతుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో ఆగస్టుకల్లా టర్నిప్, రేప్, కేల్, ముల్లంగి విత్తుతారు. మంచు పడ్డాక వీటి ఆకుల్లో చక్కెర పెరిగి జింకలకు ఎక్కువ ఇష్టమవుతాయి.

మూడోది వేసవి పైర్లు. తెలుగు రైతుకు ఇవి పాత పరిచయాలు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆగస్టు లోటును పూడ్చడానికి ఎక్కువగా వేసేవి సోయా, అలసంద, లాబ్‌లాబ్. ఈ లాబ్‌లాబ్ మన చిక్కుడు, అనుముల జాతిదే. పచ్చిరొట్ట కోసం మనం పెంచే జనుమును కూడా అక్కడ కొందరు జింకల మేతగా విత్తుతున్నారు. తీగపారే అలసంద రకాలు, ముఖ్యంగా ‘ఐరన్ అండ్ క్లే’ అనేది, మేసినకొద్దీ మళ్లీ చిగురిస్తాయి కాబట్టి గింజల కోసం పెంచే పొట్టి రకాలకన్నా ఇక్కడ పనికొస్తాయి. ఈ పప్పుజాతి పైర్లకు ఒక బలహీనత ఉంది. మొలక దశలో రెండాకులు తెంపితే మొక్క చనిపోతుంది. జింకలు ఎక్కువగా ఉన్నచోట ఒక ఎకరం సోయా మొలకలు రెండు వారాల్లో నేలమట్టమవుతాయి. కాబట్టి వేసవి చేను మూడు నాలుగు ఎకరాలకు తగ్గకూడదు, తగ్గితే మొక్కలు నిలదొక్కుకునే దాకా విద్యుత్ కంచె వేయాలి. పైరుతో పాటు జొన్నను కలిపితే తీగకు ఊతమూ మొలకలకు కొంత మరుగూ దొరుకుతాయి. చలికాలపు శక్తి కోసం మొక్కజొన్ననో సోయానో కోయకుండా గింజతో నిలబెట్టేవారూ ఉన్నారు. మంచు కింద మేత కప్పబడే ఉత్తరాదిన ఇది దక్షిణాదికన్నా ఎక్కువ అర్థవంతం.

నేల పని

విత్తనాల ఎంపిక గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా నేల గురించి జరగదు. మేతచేలు విఫలమవడానికి తొలి కారణం నేలే. అడవి మధ్య నేలలు, ముఖ్యంగా అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల ఎర్రనేలలు, సహజంగా ఆమ్ల గుణం కలవి. ఉదజని సూచిక అయిదు దగ్గర ఉన్నప్పుడు వేసిన ఎరువులో భాస్వరం చాలామటుకు మొక్కకు అందకుండా నేలలోనే బిగుసుకుపోతుంది. క్లోవర్, లూసర్న్ వంటివి ఆరున్నర దరిదాపుల్లో బాగా పెరుగుతాయి. కాబట్టి మొదటి ఖర్చు భూసార పరీక్ష, రెండో ఖర్చు సున్నం. పరీక్ష ఫలితాన్ని బట్టి ఎకరాకు ఒకటి నుంచి రెండు టన్నుల దాకా వ్యవసాయ సున్నం అవసరం కావచ్చు. అది నేలలో పని చేయడానికి నెలలు పడుతుంది కాబట్టి విత్తడానికి చాలా ముందే వేయాలి. పప్పుజాతి విత్తనాలకు వాటికి తగిన రైజోబియం కల్చర్ పట్టిస్తే గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల్లో స్థిరపరచుకుంటాయి, నత్రజని ఎరువు ఖర్చు మిగులుతుంది. క్లోవర్ విత్తనం నువ్వుగింజకన్నా చిన్నది. అర సెంటీమీటరుకు మించి లోతుకు పోతే మొలవదు. దున్నిన వదులు నేలలో చల్లేసి పోయినవారి చేను ఎక్కువగా ఈ తప్పుకే బలవుతుంది. వాలు నేలల్లో ఏటా దున్నడం వల్ల మట్టి కొట్టుకుపోతుంది. అలాంటి చోట పాత పైరును అణచివేసి దున్నకుండానే విత్తడం మేలు.

చేను పనిచేస్తోందో లేదో కంటితో చూసి చెప్పలేం. పొట్టిగా ఉన్న చేను చూసి పైరు పెరగలేదనుకోవచ్చు, నిజానికి జింకలే మొత్తం మేసి ఉండవచ్చు. దీనికి ఖర్చులేని ఒక పద్ధతి ఉంది. విత్తిన వెంటనే చేనులో మీటరు వెడల్పు గల ఇనుప తీగ వల చుట్టను నిలబెట్టి, జింకల నోరు అందని చిన్న వృత్తాన్ని కాపాడతారు. లోపలి పైరుకూ బయటి పైరుకూ ఉన్న తేడాయే జింకలు తిన్న మేత. లోపలా బయటా రెండూ పొట్టిగా ఉంటే లోపం నేలలోనో వానలోనో ఉందని అర్థం. లోపల మోకాలెత్తు, బయట నేలబారుగా ఉంటే మేసే నోళ్లు ఎక్కువయ్యాయని అర్థం. మొదటిదానికి మందు సున్నం, రెండోదానికి మందు మంద తగ్గింపు. ఈ రెండింటినీ కలగాపులగం చేసి కొత్త విత్తనం సంచి కొనడం వృథా.

చేను బలం, అడవి బలం

ఇక అసలు వాదన. మేతచేను మొత్తం మేతలో ఎంత భాగం ఇస్తుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. వెయ్యి ఎకరాల అడవిలో 50 జింకలున్నాయనుకుందాం. ఒక్కో జింకకు రోజుకు ఒకటిన్నర కిలోల ఎండు పదార్థం చొప్పున ఏడాదికి సుమారు 550 కిలోలు, మందకు 27 టన్నులపైన కావాలి. అందులో పది ఎకరాలు, అంటే నూటికి ఒక వంతు, మేతచేలుగా వేసి ఎకరాకు రెండు టన్నుల ఎండు మేత పండించారనుకుందాం. తొక్కినది, ముదిరినది, పురుగు తిన్నది పోగా సగం జింకల నోట పడితే 10 టన్నులు. ఇది మంద అవసరంలో మూడో వంతు పైమాటే. ఒక శాతం నేల ఇంత ఇవ్వడం చిన్న సంగతి కాదు. చేను పెట్టమని వాదించేవారి బలం ఇదే, దాన్ని ఒప్పుకోవాలి.

ఇప్పుడు మిగిలిన 990 ఎకరాలు చూద్దాం. కొమ్మలు కలిసి ఎండ నేలమీద పడని ముదురు అడవిలో జింక నోటికందే ఎత్తున దానికి నచ్చే మేత ఎకరాకు 50 కిలోలు దొరకడం కూడా కష్టం. అదే అడవిలో విలువలేని చెట్లు కొన్ని తీసి ఎండ లోపలికి పడనిచ్చి, కొన్నేళ్లకోసారి అదుపులో ఉంచిన నిప్పుతో కింది చెత్తను కాలిస్తే, మేత అనేక రెట్లు పెరుగుతుందని టెనసీ విశ్వవిద్యాలయంలో క్రెయిగ్ హార్పర్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలు చూపాయి. అయిదు రెట్లు పెరిగిందనుకున్నా, 200 ఎకరాలు పలచన చేస్తే అదనంగా వచ్చేది 40 టన్నులు. సగమే జింకలు తిన్నా అది పది ఎకరాల చేలు ఇచ్చే దానికి రెట్టింపు. పైగా ఆ పొదల్లో పిల్లలు దాక్కోవడానికి చోటుంటుంది, పక్షులకూ కుందేళ్లకూ తేనెటీగలకూ తిండి దొరుకుతుంది, ఏటా విత్తనం, ఎరువు, డీజిల్ ఖర్చు ఉండదు. తీసిన కలపకు కొంత డబ్బూ రావచ్చు. చేను ఏటా కొనుక్కోవలసిన మేత, బాగుపడిన అడవి ఏళ్లతరబడి నిలిచే మేత. అందుచేత అడవి పని ముందు, చేను పని తరువాత.

అయితే ఈ రెండింటినీ ఓడించేది ఒకటుంది, అది జింకల సంఖ్య. మిషిగన్‌లోని జార్జ్ రిజర్వ్ అనే కంచె వేసిన అడవిలో 1928లో ఆరు జింకలను వదిలారు. ఆరేళ్లలో అవి నూట యాభై దాటాయి. మంచి మేత దొరికిన ఆడ జింక ఏటా రెండేసి పిల్లలను పెడుతుంది. మన లెక్కలోని మంద ఏటా ముప్ఫై శాతం పెరిగినా రెండేళ్లలో 80 దాటుతుంది, మూడేళ్లలో 110కి చేరుతుంది. అప్పుడు కావలసిన మేత 60 టన్నులు. చేనూ, పాత అడవీ, పలచన చేసిన అడవీ కలిపి ఇచ్చేదానికన్నా అది ఎక్కువ. పెన్సిల్వేనియాలోని అలెఘనీ పీఠభూమిలో పదేళ్లపాటు సాగిన ఒక ప్రయోగం ఇలాంటి స్థితి ఫలితాన్ని నేలమీదే చూపింది. కంచెల్లో చదరపు కిలోమీటరుకు సుమారు 4, 8, 15, 25 చొప్పున జింకలను ఉంచితే, సంఖ్య పెరిగినకొద్దీ చిన్న చెట్ల వైవిధ్యం తగ్గి, జింకలు తినని ఫెర్న్‌లు, గడ్డి నేలను ఆక్రమించాయి. జింకలు తిన్నది ఆ ఏటి ఆకుతో పాటు రేపటి అడవిని కూడా.

అభ్యంతరాలు

మేతచేల మీద మొదటి అభ్యంతరం రోగాల గురించి. ఇది తేలికగా కొట్టివేయదగ్గది కాదు. 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో బంధించిన మ్యూల్ జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రాణాంతక మెదడు వ్యాధి మొదట కనిపించింది. వంకర తిరిగిన ప్రియాన్ అనే మాంసకృత్తు దీనికి కారణం. లాలాజలం, మూత్రం, పేడ ద్వారా బయటపడి నేలలో ఏళ్లతరబడి నిలుస్తుంది. 2002లో విస్కాన్సిన్‌లో బయటపడ్డాక తూర్పు రాష్ట్రాల్లోనూ ఆందోళన పెరిగింది. మిషిగన్ ఈశాన్య ప్రాంతంలో 1990లలో అడవి జింకల్లో పశుక్షయ వ్యాధి బయటపడినప్పుడు, కుప్పలు పోసి మేపడమే దాని వ్యాప్తికి ముఖ్య కారణమని తేలి అక్కడ మేపడాన్ని నిషేధించారు. న్యూయార్క్ రాష్ట్రమంతటా అడవి జింకలకు మేత పెట్టడం నేరం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెరట్లోకి వచ్చిన జింకకు ఆపిల్ ముక్కో రొట్టెముక్కో వేయడం దయ అనిపించినా చట్టానికీ జింకకూ అది మంచిది కాదు. చలికాలంలో ఆకులు, రెమ్మల మీద బతికే జింకకు ఒక్కసారిగా మొక్కజొన్న దొరికితే పొట్టలోని సూక్ష్మజీవులు ఆ మార్పును తట్టుకోలేవు, పొట్ట ఆమ్లంతో నిండి జింక చనిపోవచ్చు. చేను ఇలా ఒక చోట ముక్కులు కలిపే కుప్ప కాదు, మేత ఎకరాలంతా పరచుకుని ఉంటుంది. ప్రమాదం తక్కువే గాని లేకపోలేదు. అందుకే వ్యాధి ఉన్న జిల్లాల్లో చిన్న చేనులో ఎక్కువ జింకలను గుమిగూడనివ్వడం తగదు, నూటికి నూరుపాళ్లూ అడవిని బాగుచేయడమే మంచిది.

రెండో అభ్యంతరం పరదేశీ మొక్కల గురించి. అమెరికాలో వన్యప్రాణుల కోసమని ప్రభుత్వ సంస్థలే ప్రోత్సహించి నాటించిన ఆటమ్ ఆలివ్, మల్టీఫ్లోరా గులాబీ నేడు పొలాలనూ అడవులనూ ఆక్రమించిన కలుపు. లెస్పెడెజా జాతిలో కొన్నిటి సంగతీ అంతే. ఈ చరిత్రను బట్టి చేనులో వేసేవి ఏడాదితో చచ్చేవో, దున్నితే పోయేవో మాత్రమే కావాలన్న నియమం పెట్టుకోవచ్చు. ఓట్స్, అలసంద, క్రిమ్సన్ క్లోవర్ అడవిని ఆక్రమించవు, వాటి విషయంలో ఈ భయం అక్కర్లేదు. మూడో అభ్యంతరం నీతికి సంబంధించింది: చేను వేసి దాని పక్కనే మంచె కట్టి కాల్చడం వేట ఎలా అవుతుందని అడిగేవారున్నారు. చాలా రాష్ట్రాల చట్టాలు సహజంగా పండిన పైరును ఎరగా చూడవు, పోసిన గింజలను చూస్తాయి. చట్టం అనుమతించినంత మాత్రాన నీతి తేలదు. కాని తోడేళ్లు, కూగర్లు లేకుండాపోయిన విశాల ప్రాంతాల్లో జింకల సంఖ్యను తగ్గించేది ప్రధానంగా మనిషే. అలాంటప్పుడు ఆడ జింకల సంఖ్య తగ్గించడానికి చేనును వాడితే అది అడవికి మేలు. కొమ్ములు పెద్దవి చేయడానికి మాత్రమే వాడి మందను పెంచితే, పైన చూసినట్టు, అది అడవికి నష్టం. చేను ఒకటే, దానితో సాధించే పనే దాని మంచిచెడ్డలను తేలుస్తుంది.

ఇక మేపడం మొదలుపెడితే ఆపలేమన్న భయం. దీనికి 1912లో వయోమింగ్ జాక్సన్ లోయలో ఏర్పడిన జాతీయ ఎల్క్ శరణాలయం సాక్ష్యం. మంచుకాలంలో ఎండుగడ్డి, తరువాతి రోజుల్లో లూసర్న్ గుళికలు వేసి వేలాది ఎల్క్‌లను శతాబ్దం పైగా నిలుపుతున్నారు. పాత వలస దారులు మూసుకుపోయి, మేత ఆపితే గతేమిటో తెలియని స్థితి వచ్చింది. గుమిగూడిన మందల్లో బ్రుసెల్లోసిస్ వ్యాధి స్థిరపడింది. జర్మనీ, ఆస్ట్రియా అడవుల్లో విల్డ్‌యాకర్ పేరుతో మేతచేలు చాలాకాలంగా ఉన్నాయి. ఎర్ర జింకలు విలువైన చెట్ల బెరడు ఒలవకుండా వాటిని పక్కకు మళ్లించడం అక్కడి ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. రోజూ మనిషి చేతి మేతకు అలవాటుపడ్డ మంద కన్నా, చెదురుమదురు చేలను అడవి తిండితో కలిపి మేసే మంద స్వతంత్రంగా ఉంటుంది. చేనును మొత్తం తిండిలో చిన్న భాగంగా ఉంచడం ఈ అభ్యంతరానికి సరైన జవాబు.

భారతదేశంలో

అమెరికా పద్ధతిని ఇక్కడ యథాతథంగా దించడం తగదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మన దేశంలో జింకల వేట నేరం, అక్కడిలా ఆడ జింకలను వేటాడి సంఖ్య తగ్గించే మార్గం ఇక్కడ లేదు. ఆ పని పులి, చిరుత, రేసుకుక్కలు చేస్తాయి. ఒక పులికి ఏటా సుమారు 50 పెద్ద శాకాహార జంతువులు కావాలి. కాబట్టి ఇక్కడ జింకకు మేత కల్పించడం పులికి తిండి కల్పించడమే. మన చుక్కల దుప్పి తెల్లతోక జింకలా ఆకులకే పరిమితం కాదు. వానాకాలంలో లేత గడ్డి ముఖ్యం, ఎండాకాలంలో రాలిన ఆకులు, పూలు, కాయల మీద ఆధారపడుతుంది. కణుజు గడ్డీ ఆకూ రెండూ తింటుంది. అందుచేత ఇక్కడ అమెరికా చేనుకు సమానమైన పని గడ్డి మైదానాల నిర్వహణ. మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో గట్టినేల బారాసింగా జింకలు 1970లో 66కు పడిపోయాయి. ఊళ్లను తరలించిన పాత పొలాలు గడ్డి మైదానాలయ్యాయి, పిల్లలు పెట్టే పొడుగు గడ్డిని కాపాడారు, కంచె లోపల కొన్నిటిని సంరక్షించారు. ఈ చర్యలతో అవి వందల సంఖ్యకు కోలుకున్నాయి. అక్కడ ఎవరూ క్లోవర్ విత్తలేదు. నేలకు తగిన సొంత గడ్డిని తిరిగి రానిచ్చారు.

నల్లమల, అమ్రాబాద్, కవ్వాల్ వంటి మన ఎండు ఆకురాల్చు అడవుల్లో లోటు నెలలు అమెరికాకన్నా భిన్నం. ఇక్కడ ఏప్రిల్ నుంచి తొలకరి దాకా నీరూ పచ్చదనమూ కరువు. లాంటానా కంప నేలను కమ్మిన చోట గడ్డి మొలవదు. దాన్ని వేళ్లతో తీసి, స్థానిక గడ్డి విత్తనాలు చల్లి, తొలకరికి ముందు పనులు ముగించడం, వేసవిలో నీటి గుంతలు నింపడం ఇక్కడి మేతచేలు. ఒక జాగ్రత్త ముఖ్యం. అడవి అంచున పచ్చని మేత వేస్తే జింకలు పక్క పొలాల్లోకి రావడం నేర్చుకుంటాయి. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం చుట్టుపక్కల రైతులకు కృష్ణజింకల వల్ల పైర్ల నష్టం పాత సమస్య. కాబట్టి గడ్డి నేలలను అడవి లోపలి భాగాల్లో పెంచాలి, పొలం పక్కన పెంచకూడదు. రైతుకు నష్టపరిహారం సకాలంలో అందకపోతే ఎంత మంచి గడ్డి నేల కూడా ఊరి సహకారం పొందదు.

ఈ వివరాలన్నీ ఒకే క్రమాన్ని సూచిస్తాయి. మొదట జింకల సంఖ్యను, వాటిని మోయగల నేల శక్తిని తెలుసుకోవాలి. రెండోది, ఉన్న అడవికి ఎండ, నిప్పు, సొంత గడ్డి ద్వారా తిండి పెట్టే శక్తిని తిరిగి ఇవ్వాలి. మూడోది, ఆ తరువాత కూడా మిగిలిన కొరత నెలలను గుర్తించి, వాటికి తగిన పైరు, సరైన నేలలో, తగినంత విస్తీర్ణంలో వేసి, వల చుట్టతో ఫలితం కొలవాలి. ఈ క్రమం తప్పని చోట మేతచేను జింకకూ అడవికీ రైతుకూ మేలు చేసింది. క్రమం తలకిందులైన చోట జింకలు పెరిగి అడవి తరిగింది. విత్తనం సంచి కొనే ముందు భూయజమాని గాని, అటవీ అధికారి గాని వేసుకోవలసిన ప్రశ్న ఏ పైరు మంచిదని కాదు. ఏ నెలలో ఎన్ని నోళ్లకు ఎంత తిండి తక్కువైందని. దానికి జవాబు దొరికిన చేను ఖర్చు వృథా కాదు.